వంకర రాయాలంటే ముందు తిన్నగా రాయాలి

మాది రంభ అని చెప్తే ఆంధ్రా వైపు చుట్టాలు ముందు ఒకసారి నవ్వుతారు. "మరి ఊర్వశికి ఏ స్టేషన్లో దిగాలి? మేనక ఇంకా ఎంత దూరం?" అని అడుగుతారు. మేమూ నవ్వేస్తాం. చిలికా సరస్సు ఒడ్డున, హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు దారి మీద ఉన్న చిన్న ఊరు మాది. బరంపురం వైపు బయల్దేరితే హుమ్మా, గంజాం, ఛత్రపురం వస్తాయి గాని ఊర్వశి, మేనక రావు. ఈ జోకు వినీ వినీ అరిగిపోయింది. అయినా దానివల్ల ఎవరికీ నొప్పి లేదు. అన్ని నవ్వులూ ఇలాంటివి కావు. కొన్ని నవ్వులు వింటే మాట్లాడబోయిన మాట గొంతులోనే ఆగిపోతుంది. ఈ రెండు రకాల నవ్వులకీ తేడా ఎక్కడుందో ఈ సంవత్సరం మా తెలుగు క్లాసులో చేసిన ఒక రాత పని వల్ల నాకు కొంత తెలిసింది. ఆ పని పేరు పేరడీ. మన పత్రిక చదివే అమ్మానాన్నలకీ, మా తర్వాత ఈ తరగతికి వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ అది చెప్పాలని రాస్తున్నాను.

పేరడీ అంటే ఏమిటి? ఒకరు రాసే పద్ధతినో, మాట్లాడే పద్ధతినో అచ్చంగా పట్టుకుని, లోపల విషయం మాత్రం మార్చేసి నవ్వు పుట్టించడం. ఇంగ్లీషు మాటే అయినా తెలుగులో అలాగే వాడేస్తున్నాం. ఒడియాలో దీన్ని లాళికా అంటారని మా ఒడియా సార్ చెప్పారు. తెలుగులో దీనికి పేరుపడ్డ కవి జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి. 1914లో పుట్టి 1968లో పోయారు. అందరూ జరుక్ శాస్త్రి అనీ, పేరడీ శాస్త్రి అనీ పిలిచేవారట. తన కాలంలో గొప్పవాళ్లనిపించుకున్న కవుల మీద పేరడీలు కట్టారు. శ్రీశ్రీనీ వదల్లేదు. శ్రీశ్రీ కూడా ఇలాంటి ఆటలంటే ఇష్టపడేవాడే. ఆయన పుస్తకం ఒకదాని పేరు 'సిప్రాలి'. సిరిసిరిమువ్వలో 'సి', ప్రాసక్రీడల్లో 'ప్రా', లిమరిక్కుల్లో 'లి' కలిపితే ఆ పేరు వచ్చింది. లిమరిక్కు ఇంగ్లీషు వాళ్ల నవ్వు పద్యం. దాన్ని తెచ్చి తెలుగులో కూర్చోబెట్టాడు. అంటే నవ్వు కూడా ఒక భాష నుంచి ఇంకో భాషకి వలస వస్తుందన్నమాట, మా తాతల్లాగే.

ఇదంతా చెప్పాక మా తెలుగు మాస్టారు, "మీరు కవుల జోలికి వెళ్లకండి. మీ చుట్టూ రోజూ కనపడే రాతలు తీసుకోండి. పెళ్లి కార్డు, టీవీలో వంటల ప్రోగ్రాం, రైల్వే ప్రకటన, పరీక్షలో జవాబు, ఏదైనా సరే. కాకపోతే ఒక షరతు. అది మీ ఇంటిది కాకూడదు, పక్కింటిది అవ్వాలి" అన్నారు. పక్కిల్లంటే ఏమిటో మాకు వెంటనే అర్థమైంది. మా క్లాసులో మేం పదమూడు మందిమి. తొమ్మిది మంది ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు. ముగ్గురికి అమ్మ ఒడియా, నాన్న తెలుగు. ఒక అబ్బాయి ఇంట్లో పూర్తిగా ఒడియాయే. బడి ఇంటికి దగ్గరని ఇక్కడ చేర్పించారు. ఒడియా సబ్జెక్టు అందరికీ ఉంది. అందుకని ఒడియా సార్ కూడా ఈ పనిలో కలిశారు.

ఇద్దరు మాస్టార్లూ కలిసి బోర్డు మీద నాలుగు నియమాలు రాశారు.

ఒకటి. వంకరది రాసేముందు తిన్ననిది రాయాలి. అంటే వెక్కిరించబోయే రాతని ముందు ఒకసారి వాళ్లు రాసినట్టే, ఒక్క తప్పు లేకుండా, ఒక్క జోకు లేకుండా రాసి చూపించాలి.

రెండు. ఒంటి రంగు, ఒడ్డూ పొడవూ, కులం, పేదరికం, దేవుడు, వీటి మీద నవ్వు లేదు.

మూడు. క్లాసులో చదివే ముందు ఆ ఇంటి మనిషికి చదివి వినిపించాలి. వాళ్లు ఏదైనా సరిచేస్తే దిద్దుకోవాలి. వాళ్ల ముఖం చిన్నబోతే ఆ కాగితం అక్కడే చింపెయ్యాలి.

నాలుగు. నవ్వులో కనీసం ఒక ముక్క మన మీద కూడా పడాలి.

మొదటి నియమానికి ఒడియా సార్ ఒక పేరు చెప్పారు. మాకు దగ్గర్లోనే ఉన్న బాణపురం ప్రాంతంలో పుట్టిన గోదావరీశ మహాపాత్ర అనే కవి 1938లో 'నిఆఁఖుంటా' అని ఒక వ్యంగ్య పత్రిక మొదలుపెట్టారు. ఆయన పద్యాల పుస్తకానికి 1966లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం పేరు 'బంకా ఓ సిధా'. వంకరా, తిన్ననా అని అర్థం. "మీరు మాత్రం పేరుని తిరగెయ్యండి. ముందు సిధా, తర్వాత బంకా" అన్నారు సార్.

వినడానికి తేలిగ్గా ఉంది గాని మొదటి నియమం దగ్గరే సగం మంది చతికిలబడ్డారు. ఎందుకంటే ఎదుటివాళ్ల గురించి నవ్వడానికి మా దగ్గర బోలెడు సరుకుంది గాని తిన్నగా రాయమంటే రెండు వాక్యాలు రాలేదు. ఒడియా పెళ్లి కార్డులో మొదట ఏం రాస్తారు? ఎవరికీ తెలీదు. ఇన్నేళ్లుగా ఆ పెళ్లిళ్లకి వెళ్లి భోజనం చేసి వస్తున్నాం. కార్డు చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

అందరికంటే ముందు రాసింది ఆ ఒడియా అబ్బాయే. అతను మన తెలుగు శుభలేఖ తీసుకున్నాడు. మూడో నియమం ప్రకారం తెలుగింటి మనిషికి వినిపించాలి కదా, మా నానమ్మ దగ్గరికి వచ్చాడు. వాళ్ల అమ్మ కూడా తోడొచ్చారు. అతను రాసింది ఇది:

"శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. శ్రీమతి గైడు, శ్రీ సిలబస్ దంపతులు వ్రాయు శుభలేఖార్థములు. మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ. గణిత పరీక్షను, శ్రీ బద్ధకం గారి ఏకైక పుత్రుడు చి. పదో తరగతి విద్యార్థికి ఇచ్చి, వచ్చే సోమవారం ఉదయం గం. 10లకు బెంచీ లగ్నమందు వివాహం జరిపించుటకు హెడ్మాస్టారు గారు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా స్కేళ్లు, పెన్నులతో విచ్చేసి, ఏడ్చుచున్న వరుని ఓదార్చి, మా అదనపు పేపర్లను స్వీకరింప ప్రార్థన. కట్నకానుకలు గ్రేసు మార్కుల రూపమున మాత్రమే."

మొదటిసారి తెచ్చినప్పుడు పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ కూడా చి.ల.సౌ. అనే రాశాడు. నానమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మొగోడికి అంత పొడుగు ఎందుకురా బాబూ, చి. సాలు, సాలు" అంది. నానమ్మకి చ పలకదు గాని, వాళ్ల అమ్మగారికి అది ఒడియా 'చాల' లాగే వినపడింది. ఒడియాలో చాల అంటే పద, వెళ్దాం. ఆవిడ పాపం వెంటనే లేచి చెప్పులేసుకోబోయారు. సంగతి తెలిసి అందరం మళ్లీ నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఆవిడ నవ్వే పెద్దది.

ఆ తర్వాత అతను ఒక ప్రశ్న అడిగాడు. చి.ల.సౌ. అంటే ఏమిటి అని. మా ఇంట్లో ఉన్నవాళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కార్డుల మీద చూస్తూనే ఉన్నాం గాని విప్పి చదివింది లేదు. చివరికి నానమ్మే చెప్పింది, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. మన అక్షరాలని మనకి విప్పించినవాడు ఒడియా అబ్బాయి. వాళ్ల ఇళ్లల్లో మొదటి పెళ్లి కార్డు జగన్నాథుడికి పంపుతారని ఆ రోజే వాళ్ల అమ్మగారు చెప్పారు. మేం కార్డు మూలలకి పసుపు రాస్తామని నానమ్మ చెప్పింది. ఆవిడకి తెలుగు రాదు, నానమ్మ ఒడియా అంతంత మాత్రం. అయినా గంటసేపు కూర్చున్నారు.

రెండో రాత నా వెనక బెంచీ అబ్బాయిది. అతను పొఖాళ తీసుకున్నాడు. అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి తింటారు. మన చద్దన్నం, తరవాణి లాంటిదే. ఒడియా వాళ్లు మార్చి 20ని పొఖాళ దినంగా చేసుకుంటారు. ఆ రోజు ఫోన్ తెరిస్తే అన్నీ పొఖాళ పళ్లేలే. అతను టీవీ వంటల ప్రోగ్రాం పద్ధతిలో రాశాడు:

"నమస్కార్! ఈ రోజు చాలా కష్టమైన వంట చేద్దాం. కావలసినవి: నిన్నటి అన్నం, నీళ్లు. తయారుచేసే విధానం: అన్నంలో నీళ్లు పొయ్యండి. వంట అయిపోయింది. ఒక రాత్రి విరామం తర్వాత మళ్లీ కలుద్దాం. ఇప్పుడు పక్కన పెట్టుకోడానికి బడిని నూనెలో దోరగా వేయించండి. తెలుగు పిల్లలు ఆశపడవద్దు, ఒడియాలో బడి అంటే వడియం. ఇక అసలైన శ్రమ మొదలు. పళ్లెం కిటికీ దగ్గర పెట్టి ఫొటో తియ్యండి. వెలుతురు చాలకపోతే రేపు తియ్యండి. పొఖాళ పాడవదు, అదే దాని గొప్పతనం."

ఇంతవరకూ అందరికీ నచ్చింది. చివర్లో మాత్రం "తిన్నాక సాయంత్రం దాకా పడుకోండి, ఒడిశాలో దీన్నే ఉద్యోగం అంటారు" అని ఉంది. ఒడియా సార్ అక్కడ నవ్వలేదు. కోప్పడలేదు కూడా. "పొఖాళ తిని మధ్యాహ్నం పడుకునేవాడు ఎవడో చూశావా? తెల్లారకముందే పొలానికి వెళ్లి ఎండెక్కాక ఇంటికొచ్చినవాడు. రాత్రంతా చిలికాలో వల దగ్గర ఉండి వచ్చినవాడు. నీ పేరడీలో ఆ మనిషి లేడు, ఎవరో చెప్పగా విన్న మనిషి ఉన్నాడు" అన్నారు. ఆ వల మనిషి మా తెలుగు వీధుల్లో కూడా ఉన్నాడు. మా క్లాసులో ఇద్దరి నాన్నలు అలాగే తెల్లారి ఇంటికొచ్చి చద్దన్నం తిని పడుకుంటారు. అప్పుడు ఆ అబ్బాయి ఆ వాక్యం కొట్టేసి ఇలా మార్చాడు: "ఇన్ని ఫొటోలు తీసి అలిసిపోయిన యాంకర్ గారు ఇప్పుడు పడుకుంటారు. పొలం నుంచి వచ్చిన ఆయన చల్లారిన పళ్లెం కోసం ఇంకా ఎదురు చూస్తున్నారు." ఈసారి సార్ కూడా నవ్వారు. మొదటి వాక్యం కంటే ఇదే ఎక్కువ నవ్వు తెప్పించింది. ఎందుకంటే ఫొటోల పిచ్చి మనకీ ఉంది. మన ఇంట్లో చద్దన్నం తిని ఎవరికీ చెప్పం, అదొక్కటే తేడా.

ఇక నా రాత. అది చెప్పాలంటే ముందు రైలు సంగతి చెప్పాలి. పోయిన ఏడాది అమ్మా నేనూ బరంపురం నుంచి వస్తున్నాం. అమ్మ బజారులో ధరల గురించి ఏదో చెప్తోంది, మామూలు మాటలే. ఎదురు సీట్లో నలుగురు కుర్రాళ్లు అమ్మ మాట్లాడినప్పుడల్లా 'అండ గుండ లు లు' అని కూతలు మొదలుపెట్టారు. అమ్మకి ఒడియా బాగా వచ్చు. ఒక మాట అనగలదు. అనలేదు. మాట్లాడ్డం ఆపేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పటినుంచి రైలెక్కితే అమ్మ నాతో ఒడియాలోనే మాట్లాడుతుంది. అదీ తక్కువగా.

ఇంకో వైపు కూడా ఉంది. విశాఖపట్నం నుంచి మా అత్త కొడుకు సెలవలకి వస్తే, మా మాటల్లో ఒడియా ఉందని, "మీది తెలుగు కాదు, ఒడియాకి తెలుగు చొక్కా తొడిగారు" అని రాగాలు తీసి చూపిస్తాడు. ఇక్కడ మేం తెలుగోళ్లం, అక్కడికెళ్తే ఒడిశా వాళ్లం. రెండు వైపులా మా గొంతు పెట్టి ఆడేవాళ్లే. వాళ్ల కూతల్లో నాకు నొప్పి కలిగించింది ఒకటే. వాళ్లు మమ్మల్ని వినలేదు. 'లు' విన్నారు, 'ండ' విన్నారు, మా అమ్మ టమాటా ధర గురించి ఏమందో వినలేదు.

నేను ఆ కూతల మీదే పేరడీ రాద్దామనుకున్నాను. భాష నేర్పే పుస్తకాలు ఉంటాయి కదా, ముప్పై రోజుల్లో ఇది, ముప్పై రోజుల్లో అది అని. ఆ పద్ధతి తీసుకున్నాను.

"మూడు నిమిషాల్లో తెలుగు. మొదటి పాఠం: ఏ మాటకైనా చివర 'లు' చేర్చండి. టికెట్లు, బిస్కెట్లు, రైలు. చూశారా, ఒక్క రైలే ఉన్నా 'లు' ఉంది. వాళ్లు మన కష్టం ముందే తగ్గించారు. రెండో పాఠం: కుండ, బండ, దండ అని గట్టిగా అనండి. అర్థం అడగవద్దు. అర్థం అడిగితే అది భాష నేర్చుకోవడం అవుతుంది, మన కోర్సులో అది లేదు. పరీక్ష: ఎదురు సీట్లో ఎవరైనా తెలుగు మాట్లాడుతుంటే పై పాఠాలు అప్పజెప్పండి. వాళ్లు మాట్లాడ్డం మానేస్తే మీకు నూటికి నూరు.

"రెండు నిమిషాల్లో ఒడియా. తెలుగువాళ్లం తెలివైనవాళ్లం గనక ఒక నిమిషం తక్కువ. మొదటి పాఠం: అన్నిటికీ 'ఒ' పెట్టండి. ఇడ్లీయొ, సాంబారొ, చట్నీయొ. రెండో పాఠం లేదు. సర్టిఫికెట్ తీసుకుని వెళ్లండి."

రెండో సగం నాలుగో నియమం కోసం పెట్టింది. మన ఇళ్లల్లో కూడా ఒడియా వాళ్లని అలా 'ఒ' పెట్టి ఆడిస్తారు, అందరికీ తెలిసిందే. ఆ 'ఒ' ఎక్కడి నుంచి వచ్చిందో ఒడియా సార్ చెప్పారు. మన 'అ' ఉన్న చోట వాళ్లకి అకీ ఒకీ మధ్యలో ఒక శబ్దం ఉంటుంది. అది అక్కడే వస్తుంది, ఇ, ఈ ఉన్న చోట రాదు. కాబట్టి ఇడ్లీ ఒడియాలో కూడా ఇడ్లీయే. ఇంకో సంగతి, హిందీలో 'రామ్' అని హల్లు దగ్గర ఆపేస్తారు, ఒడియాలో ఆపకుండా చివర అచ్చు పలుకుతారు. మన రాముడిలో కూడా చివర అచ్చు ఉంది. మనం వాళ్లని ఏ పోలిక చూసి వెక్కిరిస్తున్నామో అది మన చుట్టరికమే.

మూడో నియమం ప్రకారం దీన్ని నేను నా స్నేహితురాలి అన్నయ్యకి చదివి వినిపించాను. వాళ్లమ్మ ఒడియా, ఇంట్లో ఆ భాషే. ఆ అన్నయ్య రోజూ రైల్లో బరంపురం వెళ్లి చదువుకుంటాడు. మొదటి పాఠానికి గట్టిగా నవ్వాడు. 'పరీక్ష' దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. కాసేపుండి, "మా పెట్టెలో ఇది జరుగుతూనే ఉంటుంది" అన్నాడు. తర్వాత కుండ, బండ, దండలకి అర్థాలు అడిగాడు. దండ అంటే పూలమాల అని చెప్తే, "మాకు దండ అంటే కర్ర, శిక్ష. చైత్రంలో దండనాట ఆడతారు చూడు, ఆ దండ" అన్నాడు. గంజాం జిల్లాలో పుట్టి పెరిగి దండనాట చూడనివాళ్లు ఉండరు. ఆ మాటా మన పూల దండా ఒకేలా వినపడతాయని మాత్రం నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ కాగితం నకలు తనకి కావాలని తీసుకున్నాడు.

ఎదుటివాళ్ల వేషం వేసి నవ్వించడం మన నేలకి కొత్తేమీ కాదు. పగటివేషగాళ్ల గురించి నానమ్మ చెప్తుంది. ఒక రోజు ఒక వేషం, ఇంకో రోజు ఇంకోటి వేసుకుని ఇంటింటికీ వచ్చేవారట. పిట్టలదొర అయితే పాత టోపీ, ఖాకీ బట్టలు, కట్టె తుపాకీతో వచ్చి కోతలు కోస్తుంటే ఊరంతా నవ్వేది. అది మన ఊళ్లని ఏలిన దొరల మీద మన వాళ్లు చేసిన పేరడీ. మన బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బూఢీ ఠాకురాణీ యాత్రలో మొక్కుకున్నవాళ్లు రకరకాల వేషాలు వేసుకుని వీధుల్లో తిరుగుతారు. ఆ జాతరలో తెలుగు నేతపని వాళ్లయిన దేవాంగుల పాత్ర పెద్దది. అమ్మవారు వాళ్ల పెద్ద అయిన దేశిబెహెరా వీధికి కూతురిలా పుట్టింటికి వస్తుందని అంటారు. అక్కడ వేషం వేసినవాడు తెలుగో ఒడియానో రంగు కింద కనపడదు. వేషం నిలవాలంటే మాత్రం ఆ మనిషి నడకా, మాటా నేర్చుకోక తప్పదు.

నేర్చుకోవడం అంటే మా తెలుగు మాస్టారు గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి చెప్పారు. ఆయన 1863లో పుట్టారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేశారు. అది అప్పట్లో గంజాం జిల్లాయే. మనం మాట్లాడే తెలుగుని రాతలోకి తేవాలని పోరాడినవారిగా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆయన కొండల్లో ఉండే సవరల భాష కూడా నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆ భాషని చూసి నవ్వేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. ఆయన కూర్చుని విన్నారు. మా పేరడీ పనిలో మొదటి నియమం ఆయన పనికి పిల్ల ముక్క అనిపించింది నాకు.

అన్నీ చదివాక వీటిని పత్రికలో వెయ్యాలా వద్దా అని తల్లిదండ్రుల మీటింగులో చర్చ వచ్చింది. ఒక నాన్నగారు వద్దన్నారు. "మనం ఇక్కడ కొద్దిమందిమి. ఆళ్లు మనల్ని చూసి నవ్వితే సరదా, మనం నవ్వితే గొడవ. పిల్లలకి ఎందుకీ పని?" అన్నారు. ఆయన మాట కొట్టిపారెయ్యలేం. ఎక్కువమంది కలిసి తక్కువమందిని చూసి నవ్వడం తేలిక. తిరిగి నవ్వడం తేలిక కాదు. మా అమ్మ రైల్లో ఊరుకున్నది అందుకే.

దానికి జవాబు చెప్పింది ఒడియా సార్. "1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. అప్పుడు ఆఫీసుల్లో, చదువుల్లో మీ భాషది పైచెయ్యి. మా భాష ఎక్కడ పోతుందోనని మా పెద్దలు భయపడ్డారు. 1903లో మధుసూదన్ దాస్ కటక్‌లో ఉత్కళ సమ్మిళని పెడితే గంజాం వాళ్లు ముందుండి నడిచారు. ఆ రోజుల్లో నవ్వులపాలైంది మేం. ఇప్పుడు మీ వంతు వచ్చిందని నేననను. తక్కువమందిగా ఉండడం ఎలా ఉంటుందో ఈ జిల్లాలో రెండు ఇళ్లకీ తెలుసు, అంతే అంటాను" అన్నారు. మీటింగులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వద్దన్న నాన్నగారే, "అయితే ఆ నాలుగు నియమాలూ కూడా పక్కనే అచ్చెయ్యండి. అవి లేకుండా వేస్తే ఒప్పుకోను" అన్నారు. అందుకే పైన వాటిని పూర్తిగా రాశాను.

అమ్మకి నా కాగితం మీటింగుకి ముందే చదివి వినిపించాను. తను ఏమంటుందోనని కొంచెం భయం వేసింది. 'పరీక్ష' దాకా నవ్వలేదు. 'ఇడ్లీయొ' దగ్గర నవ్వింది. "ఒలే, రైలుకి లు అలా వచ్చింది కాదే, ఇంగ్లీసోళ్ల రైల్‌కి మనం ఉ తగిలించాం" అని సరిచేసింది. "అది ఆ పుస్తకం రాసినోడికి తెలీదమ్మా, అదే జోకు" అన్నాను. "ఓహో" అంది. ఇప్పటికీ రైల్లో తను ఒడియాలోనే మాట్లాడుతుంది. ఒక పేరడీతో అది మారిపోతుందని నేను చెప్పను. రాతతో అంత తొందరగా ఏదీ మారదు. కానీ ఆ సంగతి ఇంతవరకూ మా ఇంట్లో ఎవరూ పైకి ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాం. నాన్న కూడా విన్నాడు.

నాకు అర్థమైంది ఇదీ. ఒకరిని దూరం నుంచి చూసి చేసే వెక్కిరింతకి రెండు శబ్దాలు చాలు. పేరడీకి మాత్రం వాళ్ల కార్డు చదవాలి, వాళ్ల పళ్లెం దగ్గర కూర్చోవాలి, వాళ్ల అక్షరం ఎక్కడ పలుకుతుందో చెవి పెట్టి వినాలి. అంత కష్టపడ్డాక వాళ్లని బాధపెట్టే వాక్యం రాయాలని మనసుకి అంత తొందరగా రాదు. వచ్చినా మూడో నియమం ఉంది. వాళ్ల ముఖం చూస్తూ చదవాలి కదా.

మాస్టార్లని మేం ఒక కోరిక కోరాం. వచ్చే సంచికలో రెండు పేజీలు ఖాళీగా ఉంచమన్నాం. మన ఊళ్లో ఒడియా మీడియం చదివే పిల్లలు మన మీద పేరడీలు రాసిస్తే ఆ పేజీల్లో వేస్తాం. మన పెళ్లిళ్ల మీద, మన ఆవకాయ మీద, మన సినిమా హీరోల పిచ్చి మీద, ఏదైనా సరే. వాళ్లకీ నియమాలు అవే నాలుగు. తిన్ననిది ముందు రాయాలి కాబట్టి వాళ్లు మన ఇళ్లకి వచ్చి అడుగుతారు. ఎవరైనా మీ గుమ్మంలో కాగితం, పెన్ను పట్టుకుని నిలబడితే కంగారు పడకండి. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. చి.ల.సౌ. అంటే ఏమిటో మాత్రం ముందే తెలుసుకుని ఉండండి.